ఒక ఇంటికి ఎన్ని ఫైర్‌వాల్‌లు

లిఫ్టుల ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైన ఆయన ఇంట్లో, ఒక సోమవారం ఉదయం ప్రింటర్ దానంతటదే ఒక కాగితం కక్కింది. ఆయన పక్కనే నిలబడి టీ తాగుతున్నాడు. కంప్యూటర్ ఆపేసి ఉంది. కాగితం మీద ఒకటే వాక్యం.

"నువ్వు చేసింది నేను మరిచిపోలేదు."

ఆయన టీ పూర్తిగా తాగి, కప్పు కడిగి బోర్లించి, అప్పుడు భయపడ్డాడు.

ఆయన భార్య ఇంట్లోనే కూర్చుని బడిపుస్తకాల ప్రూఫులు దిద్దుతుంది. కాగితం అందుకుని, కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.

"తప్పులేం లేవు," అంది.

"బెదిరింపులో తప్పులు వెతుకుతావేంటి?"

"బెదిరింపని ఎవరన్నారు? ఏమండీ, మీరేం చేశారసలు?"

ఆయన కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాడు. ఎవడో కంప్యూటర్‌లోకి దూరాడని తేల్చాడు. ఆపేసిన యంత్రం చేత కూడా పని చేయించాడంటే వాడు సామాన్యుడు కాడు. వెనక గదిలో ఉండే ఆయన అత్తగారికి మాత్రం ఈ సంగతి చెప్పొద్దనుకున్నారు. ఎనభై రెండేళ్ళ మనిషి, ఊరికే బెంగపడుతుంది. ముందుజాగ్రత్తగా ఆవిడ గది కిటికీకి గడియ మాత్రం వేశారు.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఒకటుంది. దాన్ని నడిపేది ముప్పై ఏళ్ళ అమ్మాయి. నుదుటికి చిన్న లైటు కట్టుకుని, ఎవరిదో ల్యాప్‌టాప్ పొట్ట విప్పి కూర్చుంది.

"కంప్యూటర్‌తో పాటే వచ్చిన ఫైర్‌వాల్ ఉంటుంది కదమ్మా, ఇంటికి అది సరిపోతుందా?" అని అడిగాడాయన.

"సరిపోతుంది సార్."

మిగతాది చెబుతుందని ఆయన ఎదురుచూశాడు. ఆమె స్క్రూడ్రైవర్ మార్చుకుంది.

"అంతేనా?"

"ఆన్‌లో ఉంచండి. అప్‌డేట్ చేస్తానంటే వద్దనకండి. బయట్నించి పిలవకుండా వచ్చేవాళ్ళని అది ఆపుతుంది. మీరే తలుపు తీసి రండి రండి అంటే మాత్రం ఏ ఫైర్‌వాలూ ఆపలేదు."

"లిఫ్టు మొయ్యడానికి ఒక్క రోపు చాలు, తెలుసా? అయినా మేం అయిదు వేయిస్తాం."

"రోపులు అయిదు వేయిస్తారు సార్. ఒకే షాఫ్టులో అయిదు లిఫ్టులు తిప్పరు కదా? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు."

ఆయన ఆమెకు థాంక్స్ చెప్పి, ఇంటికొచ్చి ఇంకో రెండు ఫైర్‌వాల్‌లు వేశాడు. సరిపోతుందన్న మాటను ఆయన ఉద్యోగంలో ఎన్నడూ నమ్మలేదు. అది ఎక్కువగా బిల్డింగు యజమానులు వాడే మాట.

గురువారం ప్రింటర్ మళ్ళీ మోగింది.

"అందరి ముందూ నన్ను చూసి నవ్వావు."

ఈసారి ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. నిజమే, ఆయన నవ్వాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఆఫీసు మీటింగులో, ఆయనతో కలిసి తనిఖీలకు తిరిగే జతగాడు లేచి నిలబడి, కష్టపడి రాసుకొచ్చిన ప్రసంగంలో "భద్రతా ప్రమాణాలు" అనబోయి "భద్రతా ప్రమాదాలు పాటిద్దాం" అన్నాడు. మొదట నవ్వింది ఈయనే. ఆయన నవ్వాకే హాలంతా నవ్వింది.

ఆదివారం మూడో కాగితం వచ్చింది. "నాకు దక్కాల్సింది నువ్వు తీసుకుపోయావు."

సీనియర్ ఇన్‌స్పెక్టర్ పదవి ఆ జతగాడికే రావాలని అప్పట్లో అందరూ అనుకున్నారు. వచ్చింది ఈయనకు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ వరస," అంది భార్య. ఆయన చొక్కా మార్చుకుని బస్సెక్కాడు.

జతగాడు బాల్కనీ కటకటాలకు రంగు వేస్తున్నాడు. పాత ప్యాంటు, చేతినిండా ఆకుపచ్చ మరకలు. మూడు కాగితాలూ చేయి చాచి దూరంగా పట్టుకుని చదివాడు.

"ఇవి నేను పంపానంటావా?"

"నువ్వే అనుకుంటున్నాను."

"నాకు ఫోన్‌లో లైటెలా వెయ్యాలో కూడా తెలీదు. మా మనవరాలు వేసి పెడుతుంది." కాగితాలు తిరిగిచ్చాడు. "కానీ నవ్వావు. అది మాత్రం నిజం."

"నవ్వాను. తప్పే. ఇన్నాళ్ళూ చెప్పలేదు."

జతగాడు డబ్బాలో బ్రష్ ముంచి, అంచుకు రాసి, కారే రంగును తుడిచాడు. "ఇంట్లో చెప్పుకోలేదు నేను. మీటింగు బాగా జరిగిందన్నాను. మా ఆవిడ ఇప్పటికీ అదే అనుకుంటోంది." తర్వాత కిందికి చూపించాడు. "పోనీలే. ఆ రెండో బ్రష్ అందుకో. కింది వరస నాకు వంగితే నడుం పట్టేస్తోంది."

చీకటి పడేదాకా ఇద్దరూ కటకటాలకు రంగు వేశారు. పదవి గురించి ఎవరూ మాట్లాడలేదు. రంగు సరిపోలేదు గనుక ఆయన బుధవారం మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది.

ఈలోగా మంగళవారం ఇంట్లో ఉపద్రవం వచ్చిపడింది. ఏడో తరగతి సైన్సు పుస్తకం ప్రూఫులు మధ్యాహ్నంలోపు పంపాలి. మొదటి ఫైర్‌వాల్ సరేనంటే రెండోది అనుమానించింది. రెండోదాన్ని ఒప్పిస్తే మూడోది మొదటిదాన్నే దొంగ అంది. పదకొండింటికల్లా కంప్యూటర్ ఎవరినీ లోపలికి రానివ్వకుండా, ఎవరినీ బయటికి పోనివ్వకుండా స్థిరపడింది.

"పరమ భద్రంగా ఉంది," అంది భార్య. "పని తప్ప అన్నీ భద్రం. మీరు ఆ అమ్మాయిని పిలుస్తారా, నన్ను పిలవమంటారా?"

దుకాణం అమ్మాయి వచ్చి, చూసి, ఆయన కొత్తగా వేసిన రెండింటినీ పీకేసింది. ఏడో తరగతి సైన్సు వెళ్ళిపోయింది. తర్వాత ఆమె వైఫై పెట్టెను తిప్పి, కంపెనీవాళ్ళు అడుగున అతికించిన పాస్‌వర్డే ఇంకా వాడుతున్నారని కనిపెట్టి, దాన్ని మార్చింది.

"మీకు మూడు ఫైర్‌వాల్‌లు కాదు సార్, ముందు ఇది కావాలి."

"ఆ కాగితాల సంగతేంటమ్మా మరి?"

ఆమె ప్రింటర్ మీది చిన్న తెరను నాలుగుసార్లు నొక్కింది. "ఇవి మీ కంప్యూటర్ గుమ్మం కూడా తొక్కలేదు. తిన్నగా ప్రింటర్‌కే వచ్చాయి. పంపింది..." వంగి చదివింది. "'అమ్మ ట్యాబ్' అని ఉంది. ఎవరి అమ్మ?"

భార్య మొహం ఎర్రబడింది. పుస్తకాలు చదువుకోవడానికి తల్లికి ఆ ట్యాబ్ ఇచ్చింది, దానికి ఆ పేరు పెట్టింది ఆమే.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అంది దుకాణం అమ్మాయి సామాను సర్దుకుంటూ.

"ఎవరే దొంగ?" వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది అత్తగారు, చేతిలో ట్యాబ్‌తో. "అసలు ఈ కిటికీ ఎవరు బిగించారు? వారం నుంచి గాలాడట్లేదు."

"అమ్మా, ఈ కాగితాలు నువ్వు రాశావా?"

ఆవిడ వాటిని చూసింది. చూసి, మంచం దగ్గరికి వెళ్ళి మెల్లగా కూర్చుంది. "ఇవి ఇక్కడున్నాయా? నేను మీ పిన్నికి పంపాను. కవరులోంచి ఉత్తరం వస్తున్నట్టు బొమ్మ ఉంటే, పంపడానికేమో అని దాన్నే నొక్కాను."

"అది ప్రింటర్ బొమ్మమ్మా."

"మొదటిదానికి జవాబివ్వలేదని, దానికెంత పొగరో అనుకున్నాను. ఒళ్ళు మండి ఇంకోటి రాశాను. దానికీ లేదు. మళ్ళీ రాశాను."

"మరి పైన ఎవరికని రాయలేదేం అత్తయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మాటల్లేక ముప్పై ఎనిమిదేళ్ళయింది అల్లుడుగారూ. పేరెట్టి పిలుస్తానా?"

ఆవిడ చెప్పింది. నలభై నాలుగేళ్ళ వయసులో పట్టుబట్టి స్కూటర్ కొనుక్కుంది. మొదటి రోజే వీధి వీధంతా చూస్తుండగా మురుగుకాలవలో పడింది. చెల్లెలు నవ్వింది. నవ్వి, చెయ్యందించి పైకి లాగి, "నీ వల్ల కాదులే అక్కా" అని ఆ స్కూటర్ తనే నడుపుకుంటూ వెళ్ళిపోయింది. ఇరవయ్యేళ్ళు దాని మీదే ఉద్యోగానికి పోయింది.

"పడ్డందుకు కాదు నా బాధ," అంది ఆవిడ. "రెండో రోజు మళ్ళీ నేర్చుకుందామని పొద్దున్నే లేచాను. చూస్తే బండి లేదు."

దుకాణం అమ్మాయి వచ్చి ఆవిడ పక్కన మంచం మీద కూర్చుంది. "ఇవే మూడూ పంపమంటారా అమ్మమ్మా? ఈసారి సరిగ్గా వెళ్తాయి."

ఆవిడ ట్యాబ్ ఆమె చేతికిచ్చింది.

"పంపు. చివర ఇంకోటి చేర్చు. 'నీ మోకాళ్ళెలా ఉన్నాయి' అని."

పది నిమిషాల్లో జవాబొచ్చింది. "ఎడమది మరీ నొప్పి. బండి షెడ్డులోనే ఉంది. వచ్చి తీసుకుపో."

శనివారం ఇంట్లో ముగ్గురూ చెల్లెలింటికి వెళ్ళారు. ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళ మీద కూర్చుని స్కూటర్‌ని గంటసేపు పరీక్షించి, బ్రేకు తీగ తెగిందనీ, టైర్లు చివికిపోయాయనీ, ఎట్టి పరిస్థితుల్లోనూ కదపరాదనీ చెప్పాడు. అక్కాచెల్లెళ్ళు అప్పటికే లోపలికి వెళ్ళిపోయారు. వంటగదిలోంచి ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్న చప్పుడు వినిపించింది.

అత్తగారు నాలుగు రోజులుంటానని అక్కడే ఆగిపోయింది. మూడో రోజు పొద్దున్న ఫోన్ చేసి, దీనితో వేగలేను, వచ్చి తీసుకెళ్ళమంది. కూతురు బయల్దేరబోతుంటే మళ్ళీ చేసి, ఇవాళొద్దులే, ఆదివారం రమ్మంది.