తలకిందుల ఎలుగుబంటి

కర్నూలు రాజధానైన మరుసటి ఏడు. ఆత్మకూరు స్టూడియో ఓబులేసుకు మనుషుల మొహంలోకి చూడాలంటేనే బెరుకు. కెమెరా నల్లగుడ్డ కింద దూరితేనే ధైర్యం. ఎలుగుబంటి ఫోటో తీయాలని నల్లమల కొండెక్కితే జోరువాన పట్టుకుంది. బొమ్మ పడే గాజుప్లేట్లలో తడవనిది ఒక్కటే మిగిలింది. అప్పుడొచ్చింది ఎలుగు. తోడొచ్చిన లాజరు చెట్టెక్కేశాడు.

ఓబులేసు గబుక్కున గుడ్డ కింద దూరాడు. దేన్నయినా తిరగేసి చూపే కెమెరా అద్దంలో ఎలుగు తలకిందులుగా వేలాడుతోంది, వాన కిందినుంచి పైకి కురుస్తోంది. నవ్వొచ్చి భయం పోయింది. ప్లేటు దూర్చి, అలవాటుకొద్దీ "కదలొద్దండీ!" అన్నాడు. ఎలుగు తలెత్తి అట్లే నిలబడిపోయింది. మీట నొక్కాడు.

అది పొదల్లోకి పోయాక లాజరు పైనుంచి అరిచాడు. "ఎలుగ్గొడ్డును అండీ అంటాండావేమప్పా!"

"నీ పెండ్లి ఫోటోలో నువ్వు కదిలినంత గూడా కదల్లేదు, దిగు!"

గుడ్డ చాటు లేకుండానే, లాజరు మొహంలోకి సూటిగా చూస్తూ నవ్వాడు ఓబులేసు.