ఆఖరి బెంచీకి వినబడేలా

పోలీస్ యాక్షన్‌కు ముందు వచ్చిన క్రిస్మస్ నాటకంలో నాకు ఇచ్చింది ఒకే ఒక్క మాట. దేవదూత వేషంలో స్టేజీ ఎక్కి, గొర్రెల కాపరులను చూసి "భయపడకండి" అనాలి. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. ఎక్కాను. హాలు నిండా జనాన్ని చూశాను. ఆ ఒక్క మాట నోటికి రాలేదు. కాపరుల వేషం వేసినవాళ్ళు నా కోసం చూసి చూసి, చివరికి వాళ్ళలో ఒకడు "మేం భయపడుతలేంగని, నువ్వు దిగిపో" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. సికింద్రాబాద్‌లో మా చర్చి ఉన్నంతకాలం ఆ నవ్వు కూడా ఉంటుందనుకున్నాను.

మా నాన్న యేసుదాసు రైల్వే ఆఫీసులో గుమాస్తా, చర్చిలో సండే స్కూల్ పెద్ద. నాటకం ఆయనదే, పోయిన పరువూ ఆయనదే. "మా ప్రేమమణికి స్టేజీ భయం" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు, అదీ నేను వాళ్ళకు చాయ్ అందిస్తున్నప్పుడే.

నన్ను చూసి నవ్వనిది మౌలా అలీ చాచా ఒక్కడే. మా గల్లీ చివర దర్జీ. నాటకం బట్టలన్నీ ఆయనే కుట్టాడు, నా రెక్కలతో సహా. రాజు భటుల వేషాలకు ఏ గుడ్డ వాడాలని అడిగితే నాన్న ఖాకీ అన్నాడు. యుద్ధం అయిపోయాక కంటోన్మెంటులో మిగిలిన ఖాకీ తాన్లు బజారులో చవగ్గా దొరుకుతున్నాయి మరి. "ఏ కాలం సిపాయైనా సిపాయే గదా" అని ఆయన వాదన. బేత్లెహేములో ఖాకీ ఏమిటని చర్చి పెద్దల్లో ఒక్కరూ అడగలేదు. చాచా భుజాలకు జరీ పట్టీలు కూడా వేశాడు. పండుగయ్యాక, వచ్చే ఏడు మళ్ళీ పనికొస్తాయని నాన్నే వాటిని చాచా దుకాణంలోని ట్రంకులో పెట్టించాడు. చర్చి గదిలో చెదలు ఎక్కువ.

ఆ ఎండాకాలమంతా చాచా దగ్గర కాజాలు కుట్టడం నేర్చుకున్నాను. కాజాలు సాకు మాత్రమే. ఆయన మిషన్ తొక్కుతుంటే నేను గుమ్మంలో నిలబడి బడి పాఠం ఏదో ఒకటి అప్పజెప్పాలి.

"వినొస్తలేదు బిడ్డా" అనేవాడు. "నీ మాట మిషన్ చప్పుడు దాటి రావాలె. ముందు బెంచీల మొఖాలు అసలే చూడకు. ఆఖరి బెంచీల ఒక్క మనిషిని పట్టుకో. ఆ మనిషికే చెప్పు."

"ఆ మనిషి సుత నవ్వితే?"

"నవ్విండంటే వినబడ్డట్టే గదా!"

వానలు పడేసరికి నా మాట మిషన్ దాటింది. ఈ క్రిస్మస్‌కు అందరికీ చూపిస్తానన్నాను. ఆయన భార్య పీరాంబీ చాచి సంబరపడి నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. నిజాం పేరు చెప్పి జనాన్ని పీడించిన రజాకార్ల జోరు ఆగింది, మా వీధి ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే రజాకార్లు ఎవరో చెప్పమని వెతుకులాట మొదలైంది. ఎవడికి ఎవడి మీద కోపముంటే వాడి పేరు చెప్పాడు. చాచా పేరు ఎవడు చెప్పాడో గానీ, వాడి నోరు పడిపోను. ట్రంకు తెరిస్తే మడతలు పెట్టిన ఖాకీ బట్టలు, భుజాన జరీ పట్టీలు. రజాకార్లు తొడిగేదీ ఖాకీయే, ఇంకేం కావాలి? చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్ళారు.

పీరాంబీ చాచి మా ఇంటికొచ్చి గడప బయటే కూలబడింది. "అన్నా, అవి నాటకం బట్టలని ఒక్క మాట చెప్పున్రి. కుట్టిచ్చింది మీరే గదా" అంది.

"పరేషాన్ గాకమ్మా, చెప్త" అన్నాడు నాన్న. ఆమె వెళ్ళాక గడియ వేసి నా వైపు తిరిగాడు. "కుట్టిచ్చింది నేనని తెలిస్తే నన్ను సుత వాళ్ళల్ల కలుపుతరు. నౌకరీ పోతది. నోరు మూసుకొని ఉండు." నోరు విప్పవేమని ఏడాదిగా తిట్టినవాడు ఆ మాట అన్నాడు.

విచారణకు మా చర్చి హాలునే తీసుకున్నారు. మద్రాసు వైపు నుంచి వచ్చిన తెలుగు అధికారి ఒకాయన స్టేజీ మీద బల్ల వేసుకుని కూర్చున్నాడు. పట్టుబడ్డవాళ్ళను గోడవారగా నిలబెట్టారు. వాళ్ళ తరఫున చెప్పేవాళ్ళు మెట్లెక్కి అందరి ముందూ చెప్పాలి, ఇంటివాళ్ళ మాట మాత్రం చెల్లదు. చెప్పే దిక్కు లేనివాళ్ళు జైలుకే. రాకపోతే అనుమానిస్తారని చర్చి పెద్దలంతా వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు, వాళ్ళ మధ్య నాన్న.

"మౌలా అలీ. ఇతని తరఫున ఎవరైనా ఉన్నారా?"

చాచా పెదవి చిట్లి ఉంది. ఆయన ఆశగా నాన్న వైపు చూశాడు. నాన్న తన చెప్పులు చూసుకుంటున్నాడు.

నేను లేచాను. పక్కనున్న అమ్మ నా వోణీ పట్టుకుంటే లాక్కున్నాను. అవే మెట్లు. అదే భయం. భయం పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, అది ఎక్కడికీ పోదు. ఆఖరి బెంచీలో పీరాంబీ చాచి కనిపించింది. ఆమెనే పట్టుకున్నాను.

"అవి రజాకార్ల బట్టలు గావు సార్. మా క్రిస్మస్ నాటకంల రాజు సిపాయిలయి. ఇదే స్టేజీ మీద ఏసుకున్నరు. పండుగైనంక చాచా దుకాణంల దాచిపెట్టిన్రు, గంతే."

నా గొంతు హాలంతా వినిపించింది. నాకే ఆశ్చర్యం వేసింది.

"ఎవరు కుట్టించారమ్మా?" అన్నాడు అధికారి.

ఆ ప్రశ్న వస్తుందని మెట్లెక్కేటప్పుడే తెలుసు. "మా నాయిన. అగో, ముందు బెంచీల కూసున్నడు."

అధికారి నాన్నను లేవమన్నాడు. చెడ్డవాడిలా లేడు. కలం పక్కన పెట్టి, "నిజమేనా అండీ?" అని అడిగాడు. అవునంటే చాలు, చాచా ఇంటికి పోతాడు.

నాన్న చేతులు కట్టుకుని నవ్వు తెచ్చుకున్నాడు. "నాకేం తెల్వదు సార్. పిల్లకు స్టేజీ భయం. పైకెక్కితే ఏం మాట్లాడ్తదో దానికే తెల్వదు. పోయిన క్రిస్మస్‌కు సుత గిట్లనే అయింది. కావాలంటే వీళ్ళనడుగున్రి."

అధికారి పెద్దల వైపు తిరిగాడు. "ఈ బట్టలు మీరెవరైనా చూశారా?" ఎవరూ నోరు మెదపలేదు. "మరి అమ్మాయికి స్టేజీ భయమన్నది నిజమేనా?" ఒకరి తర్వాత ఒకరు అవునని తలూపారు.

"నాయినా, అబద్ధమాడకు!" అని అరిచాను. నేను అరిచినకొద్దీ నాన్న చెప్పిందే నిజంలా కనిపించింది వాళ్ళకు. అధికారి జాలిగా నన్ను చూసి, "ఇక దిగమ్మా" అని కలం అందుకున్నాడు.

చాచాను మెట్ల పక్కనుంచే తీసుకెళ్ళారు. నా దగ్గరికి వచ్చాక ఆగాడు. సిపాయి వెనక నుంచి తోస్తున్నా జెరసేపు నిలబడ్డాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు. "ఆఖరి బెంచీ దాంక వినొచ్చింది."