మాట్లాడకుండా అయిదు నిమిషాలు

మా యాడి పోయిన రోజు నేను ఏడవలేదు. వచ్చినవాళ్లకు చాయ్ పోశాను. పెనుబల్లి నుంచి, ముదిగొండ నుంచి చుట్టాలు దిగుతూనే ఉన్నారు, గిన్నె ఖాళీ అవుతూనే ఉంది. మళ్లీ ఒకసారి గిన్నె దించబోతూ కళ్లు తిరిగి కట్టెల మీద కూలబడ్డాను. అక్కడే ఉన్న మా ఊరి నర్సు సంచిలోని మిషన్‌తో బీపీ చూసి, చాలా ఎక్కువుందని జల్దీ దవాఖానాకు పొమ్మంది. "ఏడిస్తే దిగేది. ఏడ్వకపాయె" అన్నాడు మా ఆయన బలరాం, వైద్యం చదివినవాడిలా.

మా తండాలో కన్నతల్లిని యాడి అంటాం. ఆమెను తీసుకుపోయింది కూడా బీపీయే. తల నొయ్యని రోజు గోలీ దండగని దాచిపెట్టేది. అందుకే నేను ఆలస్యం చేయకుండా ఖమ్మంలో డాక్టర్ ఆరిఫా దగ్గరికి వెళ్లాను. ఆమె నాకు గోలీ రాసింది. "బీపీ మిషన్ కొనుక్కొని పొద్దున గోలీకి ముందొకసారి, సాయంత్రం ఒకసారి చూసుకోండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూడాలి. మాట్లాడొద్దు. నంబర్లు మిషన్‌లోనే ఉంటయి. రెండు వారాలకు తెండి, గోలీ పెంచాలో తగ్గించాలో అప్పుడు చెప్తా."

ఇంట్లో వీపు ఆనించే కుర్చీ ఒకటే ఉంది. అది మా ఆయనది.

మొదటి పొద్దున అందులో కూర్చున్నానో లేదో, అత్త ద్వాలి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏందే, కూసున్నవ్?"

"బీపీ చూసుకోవాలె అత్తా. కూసునే చూడాలెనట."

"గట్లనా. మా కాలంల నిలబడే రోగాలు పోయేటియి. ఏదీ, నాకో పారి చూడు."

చూశాను. తర్వాత మా ఆయనకు చూశాను. నూట ఇరవై, ఎనభై వచ్చింది. "పుస్తకంల రాసినట్టే ఉంది నాది" అని వాడకట్టంతా చెప్పుకొచ్చాడు. ఆ రోజు నుంచి పొద్దున చూపించుకున్నాడు, సాయంత్రం చూపించుకున్నాడు, కల్లు తాగొచ్చి కూడా చూపించుకున్నాడు. పక్కింటి తుల్సీరాం మరీ తెలివైనవాడు. "టీచరమ్మా, కొట్లాటకు ముందొక పారి, అయినంక ఒక పారి చూడు. మా ఆడిది నన్నెంత సతాయిస్తున్నదో పంచాయితీల చెప్పాలె" అన్నాడు. వెనకాలే అతని భార్య చిన్నక్క చెయ్యి చాపింది. ఆమెకు ఆయనకంటే ఎక్కువొచ్చింది. "చూసినవా, సతాయించేది ఎవరు?" అని ఆమె, కేసు గెలిచినట్టు వెళ్లిపోయింది.

అందరి చేతికీ పట్టీ కట్టి, అందరికీ మాట్లాడొద్దని చెప్పి, నేను బడి బస్సుకు పరుగెత్తేదాన్ని. సాయంత్రం కూర్చుందామంటే, "ఊకెనే కూసున్నవ్ గదా, ఆ తువ్వాల అందియ్యి" అనేవాడు మా ఆయన. గోలీ మాత్రం రోజూ వేసుకున్నాను. బీపీ రేపు చూసుకుందాంలే అనుకున్నాను.

రెండు వారాలకు ఆయన కూడా వెంట వచ్చాడు. డాక్టరమ్మ బొత్తాం నొక్కుతూ నంబర్లు చూసింది. "గోలీ బాగా పనిచేసింది. నూట ఇరవై, నూట పద్దెనిమిది... ఇట్లనే ఉంటే సగానికి తగ్గించొచ్చు."

"అయ్యి నావి మేడం" అన్నాడు బలరాం, సంతోషం ఆపుకోలేక.

"మరి ఈ నూట అరవై?"

"మా పక్కింటి తుల్సీరాంది. గప్పుడే కొట్లాటైంది."

ఆమె మిషన్ బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. "సువర్ణగారూ, వీటిల్లో మీవి ఏవి?"

రోజూ బడిలో ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని చూసుకునేదాన్ని. ఆ నంబర్లన్నిటిలో నన్ను నేను వెతుక్కున్నాను.

"నేను లేను మేడం."

బలరాం నవ్వాడు. ఆమె నవ్వలేదు. అక్కడే నన్ను అయిదు నిమిషాలు కూర్చోబెట్టి తనే చూసింది. యాడిని చివరిసారి చూపించినప్పుడు వచ్చిన నంబరుకు దగ్గరగానే వచ్చింది. మా ఆయన నవ్వు ఆపాడు. డాక్టరమ్మ గోలీ పెంచి, "ఈసారి నాకు మీవే కావాలె" అంది.

మర్నాడు పొద్దున కుర్చీని పత్తి బస్తాల గదిలోకి లాక్కెళ్లి గడియ పెట్టాను. పాదాలు నేలకు ఆనించాను.

"సువర్ణా, నా అంగీ ఏది?"

మాట్లాడొద్దన్నారు.

"లోపల ఏం జేస్తున్నవే?" అంది అత్త. తర్వాత గొంతు తగ్గించి, "అరే, పానం మంచిగనే ఉందా దీనికి?" అని కొడుకును అడిగింది.

"కూసున్నది."

"ఎంతసేపు?"

యాడి ఇట్లా వీపు ఆనించి కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. పట్టీ నా చేతికి బిగుసుకుంది.

రోజూ ఈపాటికి నేను ఊడ్చే వాకిలి ఇంకా ఎవరూ ఊడవలేదు.