ఎడమ అచ్చు

కొట్టు తెరవగానే బూట్లాయన చేసే మొదటి పని అచ్చులు తుడవడం. సైకిలు తొక్కేవాళ్లకి బూట్లు కుట్టడం వాళ్ల నాన్న నాటి నుంచీ వస్తున్న పని. ఎవరికి కుట్టినా ముందు వాళ్ల పాదాల కొలతకి ఒక జత కొయ్య అచ్చులు చెక్కి, వాటి మీద తోలు సాగదీసి కుడతాడు. పనయ్యాక ఆ అచ్చుల్ని తాళ్లతో దూలానికి వేలాడదీస్తాడు. బల్ల మీద పెడితే ఉండవు మరి. సొంతదారు సైకిలెక్కగానే ఇక్కడ అచ్చులు కూడా తొక్కడం మొదలుపెట్టి, దొర్లి కింద పడతాయి. తిరుగుతున్నవాటి జోలికి పోకుండా, ఆగి ఉన్నవాటినే తుడుస్తాడు.

తొమ్మిదింటికి పోస్ట్‌మ్యాన్ అచ్చులు కదులుతాయి. ఆయన భార్య కూరగాయల సంచీతో గుమ్మంలో ఆగి, ఓ చూపు చూసి, మొగుడు పనిలోనే ఉన్నాడు, ఎక్కడా కబుర్లకి కూలబడలేదని నమ్మకం కుదిరాక వెళ్తుంది.

అందరికంటే ముందు మొదలై ఆఖర్న ఆగేవి బూట్లాయన కూతురి అచ్చులు. ఆమెని ఊరంతా చక్రం అంటారు. పదేళ్లుగా పందేల్లో తొక్కుతోంది. ఆమె కుడి అచ్చు నూనె రాసినట్టు గుండ్రంగా తిరుగుతుంది. ఎడమది మాత్రం, ఓ గంట గడిచాక, కిందికి దిగినప్పుడల్లా మడమ పైకి లేచి ఒక్క కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపు అతని ప్రాణం తీసేది. సాయంత్రం ఆమె ఇంటికి రాగానే మొదలెట్టేవాడు. మడమ దించమన్నానా, కిందికొచ్చినప్పుడు అరికాలి మట్టి తుడుచుకుంటున్నట్టు వెనక్కి లాగమన్నానా అని. ఆమె మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ వినేది.

ఏడేళ్ల కిందట ఒక్కసారి ఎదురు చెప్పింది. "ఎడమ బూటు కరుస్తోంది నాన్నా. వేళ్లు ముడుచుకోకపోతే తొక్కలేకపోతున్నా."

"ఆడలేక మద్దెల ఓడు అందట నీలాంటిదే. ఇన్నేళ్లలో నా బూటు కరిచిందన్నవాడు లేడు."

వంటింట్లోంచి వాళ్లమ్మ కలగజేసుకుంది. "కాలు దానిది, కరుస్తోందని చెప్పేదీ అదే. మీరేమో కొయ్యనడుగుతారు."

కొయ్య అబద్ధం ఆడదన్నాడతను. కూతురు మళ్లీ ఆ మాటెత్తలేదు.

ఈసారి రాష్ట్ర జట్టు ఎంపిక పందెం ఆమెకి ఆఖరిది. ముప్పై దాటినవాళ్లని జట్టులోకి తీసుకోరు, ఆమెకి వచ్చే నెలలో ముప్పై నిండుతాయి. నాలుగు గంటల కొండదారి. మొదటి ముగ్గురిలో వస్తే జట్టు, లేకపోతే ఇంక ఏమీ లేదు. పదేళ్ల చాకిరీ ఆ పూటతో తేలిపోతుంది. బూట్లాయన పందేలకి వెళ్లడు. కొట్లో కూర్చుంటేనే బాగా కనబడుతుందంటాడు. ఆ రోజు కూడా కుర్చీ లాక్కుని అచ్చుల కింద కూర్చున్నాడు.

మొదటి గంట రెండూ చక్కగా తిరిగాయి. రెండో గంటలో ఎడమది కుదపడం మొదలుపెట్టింది. "మడమ, మడమ" అని గొణుక్కున్నాడు. మూడో గంటకి ఆ కుదుపులు చూడలేక లేచి దగ్గరికెళ్లాడు. అప్పుడు కనబడింది. చిటికెన వేలి పక్కన, పాత కొయ్య నల్లబడిన చోట, బియ్యపు గింజంత మందాన తెల్లటి కొత్త కొయ్య పుట్టుకొచ్చింది. చూస్తుండగానే ఇంకాస్త ఉబ్బింది.

ఆ చోటు అతనికి బాగా తెలుసు. కూతురి ఎడమ పాదం కుడిదాని కంటే కొంచెం వెడల్పు. జతంటే జతలా ఉండాలని, రెండు బూట్లూ పక్కపక్కన పెడితే ఒక్కలా కనబడాలని అతని పట్టుదల. అందుకే ఎడమ అచ్చుని కుడిదానికి సరిపడేలా అక్కడ చెక్కేశాడు. పైగా వాళ్ల నాన్న నేర్పినట్టు పొద్దున్నే, కూర్చోబెట్టి కొలత తీశాడు. గంటల తరబడి తొక్కే పాదం ఉబ్బుతుందన్న లెక్కే అందులో లేదు. వేళ్లు నలిగి మొద్దుబారుతుంటే ఆమె వాటిని ముడిచింది. ముడిస్తే మడమ లేచింది. మడమ లేచినందుకు అతను తిట్టాడు.

అంతలో ఎడమ అచ్చు ఆగింది. కుడిదీ ఆగింది. కాసేపు రెండూ ఊరికే వేలాడాయి. తర్వాత మెల్లగా మళ్లీ కదిలాయి. ఈసారి ఎడమది కుదపలేదు. కుడిదానితో సమానంగా, పదేళ్లలో ఎన్నడూ లేనంత గుండ్రంగా తిరిగింది. కూతురు గెలుస్తోందనుకున్నాడు. సంతోషం పట్టలేక ఏడ్చాడు కూడా.

సాయంత్రం ఆమె వచ్చింది. కుడి కాలికి బూటుంది. ఎడమ కాలికి మేజోడు మాత్రమే, అదీ చిరిగిపోయి ఉంది. ఎడమ బూటు హ్యాండిల్‌కి వేలాడుతోంది.

"మూడో గంటలో కాలు నాది కాకుండా పోయింది నాన్నా" అంది. "దిగి బూటు విప్పేశాను. అందరూ వెళ్లిపోయారు. నేను ఇంటిదారి పట్టాను." సైకిలుకి స్టాండు వేస్తూ, "అదేంటో, ఆ తర్వాతే బాగా తొక్కాను. ఎవరూ చూడలేదు" అంది.

"నేను చూశానమ్మా."

అచ్చు విప్పి ఆమె చేతిలో పెట్టి, చేసిందంతా చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. ఆమె తెల్లకొయ్య మీద బొటనవేలు ఆనించింది.

"ఇక్కడే కరిచేది" అంది. అచ్చు తిరిగిస్తూ, "మరి మద్దెల ఓడేగా నాన్నా" అంది. కోపంగా అని ఉంటే బాగుండేదని అతను తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మూడు రోజులు కూర్చుని ఆ పెరిగిన అచ్చుతోనే కొత్త జత కుట్టాడు. ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. అంత మంచి బూట్లు అతను జన్మలో కుట్టలేదు. ఆమె తొడుక్కుని, స్టాండు వేసి ఉన్న సైకిలెక్కి, పెడళ్లు నాలుగుసార్లు వెనక్కి తిప్పింది. బాగున్నాయి నాన్నా అని దిగి, బూట్లు విప్పి పెట్టె‌లో పెట్టింది. మర్నాటి నుంచి బస్సెక్కి లాండ్రీలో పనికి వెళ్తోంది. ఎడమ చిటికెన వేలికి ఇప్పటికీ స్పర్శ రాలేదు.

బూట్లాయన ఇప్పుడు ఎవరికైనా సాయంత్రం పూట, నిలబెట్టి, ఏ కాలి కొలత ఆ కాలికే తీస్తాడు. ఎక్కడైనా పట్టేస్తోందా అని రెండుసార్లు అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగుతాడు. నిరుడు అతని బూట్లతో ఇద్దరు జట్టులోకి వెళ్లారు. పొద్దున్నే కొట్టు తెరిచి, ఆగి ఉన్న అచ్చుల్ని తుడుస్తాడు. కూతురివి తుడవడానికి ఒకప్పుడు వారాల తరబడి వీలు చిక్కేది కాదు. ఇప్పుడు రోజూ తుడుస్తున్నాడు.