కవరు తిప్పే మనిషి

చందాలకి గోధుమరంగు కవరే నయం, తెల్ల కవరయితే లోపలి నోటు ఎంతదో బయటికి కనబడిపోయి వేసినవాళ్ల ముఖం చిన్నబోతుంది, అదిగో అకౌంటెంటు వెనక అరలో ఒక కట్ట ఉంది, అడిగితే ఒకటి ఇవ్వడూ, అనుకుంటూనే ఛీ ఇప్పుడు కవర్ల గొడవ ఎందుకు, తాను వచ్చింది జీతం మీద అడ్వాన్సు కోసం కదా అని ఆమె కిటికీ ఊచల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది, అకౌంటెంటు కళ్లజోడు నుదుటిమీదికి ఎత్తి ఏదో చెబుతున్నాడు, చూడమ్మా, నాకు మాత్రం బాధ లేదా, మేనేజరుగారు రేపు గానీ రారు, ఆయన సంతకం లేకుండా నేను బీరువా తియ్యకూడదు, బీరువాదేముంది అనుకుంది, ఆ తాళం మా ఆయనకయితే అర నిమిషం పని, వంకర తీగముక్క ఒకటి చాలు, నిన్న మధ్యాహ్నం కూడా తన తాళాల కొట్లో స్టూలు మీద కూర్చుని ఎవరిదో సూట్‌కేసు తాళంలోకి తొంగిచూస్తూ తొంగిచూస్తూ అలాగే ముందుకు వాలిపోయాడట, పాపం ఆ సూట్‌కేసు మనిషి, పనిలో ఎంత లీనమయ్యాడో అనుకుని పది నిమిషాలు చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాడట, రేపటిదాకా ఆగమని ఎవరికి చెప్పాలి, ఆసుపత్రి చల్లగదిలో పడుకున్న మొగుడికా, రెండింటిలోగా సగం డబ్బు చేతిలో పెడితేనే పెట్టె, బండి పంపుతానన్నవాడికా, సాయంత్రంలోగా తీసుకెళ్లకపోతే దిక్కులేని శవాలతో కలిపి పూడ్చేస్తారమ్మా అని చెవిలో చెప్పిన ఆయాకా, గోడమీద గడియారం పన్నెండు దాటింది, సరే బాబూ అంది, సరే అన్నందుకు తనమీద తనకే ఒళ్లు మండింది.

కుట్టు హాల్లోకి అడుగు పెట్టగానే అరవై మిషన్ల రొద ఒక్కసారిగా చెవులమీద పడింది, ఒక్క తలా పైకి లేవలేదు, పదకొండేళ్లుగా ఈ వరసల మధ్య కవరు తిప్పింది తానే, ఎవరింట్లో ఎవరు పోయినా సరే, ఇస్త్రీ అతని తల్లి, కాజాల తాత భార్య, వాచ్‌మన్ అక్క, ముందు తన నోటు వేసి మరీ బయల్దేరేది, ఖాళీ కవరులో మొదటి నోటు వెయ్యాలంటే ఎవరికైనా చెయ్యి రాదు, వాళ్లు వేస్తున్నంతసేపూ తాను పైకప్పు వంక చూస్తూ నిలబడేది, ఎవరెంత వేశారో చూడకూడదు, అదొక్కటే తాను పెట్టుకున్న నియమం, చివర్న కవరు మీద పోయినవాళ్ల పేరు గుండ్రంగా రాసి వాళ్లింటికి పట్టుకెళ్లి ఇచ్చేది, అలాంటిది పొద్దుట తాను వచ్చి కబురు చెప్పినప్పటినుంచి ఇంతమందీ తనని చూసి తలలు దించుకుంటారా, ఏరు దాటి తెప్ప తగలేసే రకాలు, కాజాల తాతయితే మరీనూ, తనవంక చూడాల్సి వస్తుందని ఉత్త పీలికగుడ్డ మీద కాజా వేస్తున్నాడు, వెయ్యి తాతా, నీ భార్య పోయిన రోజు మూడుసార్లు తిరిగాను ఈ హాలంతా.

ఇది ఇంటికెళ్లి ఆయనకి చెబితే, ప్రతిసారీ చెప్పేది, చెప్పందే అన్నం సహించేది కాదు, ఎవరు ఉత్తుత్తినే జేబులు తడుముకున్నారో, ఎవరికి సరిగ్గా అప్పుడే దాహం వేసిందో, ఆయన తాళాలకి నూనె పెడుతూ వినేవాడు, ఒకసారి ఉన్నట్టుండి అడిగాడు, ఏమే, నా పేరు మీద తిరిగితే ఎంత వస్తుందంటావు, సిగ్గు లేకపోతే సరి, అని తువ్వాలుతో ఒక్కటిచ్చింది, అబ్బ చెప్పవే, చిల్లరన్నా రాలుతుందా, అయినా తిప్పేదెవరులే, నువ్వు ఏడుస్తూ కూర్చుంటావుగా, అన్నాడు, ఏడవడమా, నిన్నటినుంచి ఏడవనే లేదు, తీరికేదీ, ఆసుపత్రి, కాగితాలు, బండివాడు, ఇప్పుడీ అడ్వాన్సు.

ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారు, చూస్తే కాలరక్క, ముప్పై ఏళ్లుగా చొక్కాలకి కాలర్లు తప్ప ఇంకేమీ కుట్టని మనిషి, ఏమ్మా ఎప్పుడొస్తావు, పొద్దుటినుంచి కాచుకుని కూర్చున్నాం, అంది, దేనికక్కా అంటే, కవరుకి, అని గుప్పిట విప్పింది, మడతలు మడతలు పెట్టిన నోటు, చెమటకి తడిసిపోయి ఉంది, వెనక వరసలో ఇంకో గుప్పిట విచ్చుకుంది, ఒకామె మిషను కింద దాచింది తీసింది, కాజాల తాత చెవిసందున పెట్టుకున్నది చూపించాడు, మరి తెచ్చి ఇవ్వచ్చుగా అని అడిగేసింది, ఎవరికివ్వాలమ్మా, అంది కాలరక్క, ఎప్పుడూ వచ్చేది నువ్వే కదా, కవరు లేకుండా నీ చేతిలోనే పెట్టడానికి మనసొప్పలేదు, పోనీ ఇంకెవరన్నా తిప్పండర్రా అంటే నువ్వంటే నువ్వని ఒకటే వంతులు, పిల్లి మెడలో గంట ఎవరూ కట్టలేదు, ఆమెకి నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి, వెర్రిబాగులవాళ్లు, అక్కడ బండి వెళ్లిపోతుంటే ఇక్కడ వంతులు, గబగబా కిటికీ దగ్గరికి తిరిగొచ్చి, బాబూ ఒక గోధుమరంగు కవరివ్వు, దానికి సంతకం అక్కర్లేదుగా, అంది, అతను అర వైపు తిరిగి కాసేపు తటపటాయించి కవరు అందించాడు, అందులో అప్పటికే ఒక నోటు ఉంది, తలెత్తి చూస్తే అకౌంటెంటు కళ్లజోడు తుడుచుకుంటూ పైకప్పు వంక చూస్తున్నాడు.

కవరు తిప్పడానికి తాను సిద్ధమే, కాలరక్కే ఒప్పుకోలేదు, ఈ ఒక్కసారికీ నువ్వు కూర్చో తల్లీ అని దాన్ని లాక్కుని, ఆమెని తన కుర్చీలో కూలేసి బయల్దేరింది, ఎంత అధ్వానంగా తిప్పుతోందో, ప్రతి నోటూ విప్పి వెలుతురుకి పెట్టి చూస్తోంది, ఇంతేనా అని పైకే అడుగుతోంది, ఇస్త్రీ అతని జేబులో అయితే తానే చెయ్యి పెట్టేసింది, అక్కా పైకి చూడు, పైకి, అని కేకేసినా రొదలో వినబడలేదు, కవరు వెళ్లిన చోటల్లా మిషను ఆగుతోంది, ఆగింది మళ్లీ మొదలవడం లేదు, ఒక వరస ఆగింది, రెండో వరస ఆగింది, హాలంతా ఇంత నిశ్శబ్దంగా ఉండటం పదకొండేళ్లలో ఎరగదు, కవరు తిరిగొచ్చింది, మూత పడనంత లావుగా, పేరు మాత్రం నువ్వే రాయాలి, అందరికీ నీ రాతే అలవాటు, అని కాలరక్క గుడ్డమీద గీతలు గీసే పెన్సిలు చేతిలో పెట్టింది, ఒంటిగంట కూడా కాలేదు, బండికి సరిపోతుంది, పెట్టెకీ సరిపోతుంది, దిక్కులేనివాళ్లలో కలవక్కర్లేదు, ఆమె ఎప్పటిలాగే గుండ్రంగా రాయసాగింది, రాస్తూ, సాయంత్రం ఇంటికెళ్లగానే ఈ కాలరక్క బాగోతం ఆయనకి చెప్పాలి, పడీ పడీ నవ్వుతాడు, చిల్లరన్నా రాలుతుందా అన్నావుగా, ఇదిగో ఎంత బరువుందో చూడు అని చేతిలో పెట్టాలి, అనుకుంటూ ఆయన పేరులో చివరి అక్షరం దాకా వచ్చింది, పెన్సిలు అక్కడే ఆగిపోయింది, ఎంత వచ్చిందో వినడానికి ఇంట్లో ఎవరూ లేరు, ఇవాళే కాదు, ఇక ఏ సాయంత్రమూ ఉండరు, అక్కా, మా ఆయన పోయాడక్కా, అంది, అక్కడ ఎవరికీ తెలియని కబురు చెబుతున్నట్టు, కవరు గుండెకి అదుముకుని ఏడ్చింది.