ఎనిమిది వేళ్ల ప్లగ్గు

ఆ ఉక్కు కర్మాగారంలో ప్లగ్గు మేస్త్రీ ఒక్కడే. అతనికి సెలవు దొరకాలంటే ముందు కొలిమికి సెలవు దొరకాలి. కొలిమి ఆరేది కాదు. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస.

పని వినడానికి చిన్నదే. కొలిమిలో కరిగిన ఉక్కును లేడిల్‌లో పోస్తారు. లేడిల్ అంటే లోపల ఇటుకలు పేర్చిన ఇనుప బక్కెట్టు, చిన్న గదంత ఉంటుంది. దాని అడుగున రాతి బిరడా ఒకటి బిగించి ఉంటుంది. అదే ప్లగ్గు. ఆ రాతిలో కంటికి ఆనని సందులుంటాయి. కింద గొట్టంలోంచి ఆర్గాన్ గ్యాస్ వదిలితే ఆ సందుల గుండా ఎక్కి, ఉక్కును కుతకుతలాడించి, లోపలి మురికిని పైకి తేలుస్తుంది. గ్యాస్ పైకి పోవాలి, ఉక్కు కిందికి రాకూడదు. మేస్త్రీ బతుకంతా ఈ రెండు మాటల మధ్యే గడిచింది.

కొలిమి ఒకసారి పోసిన ఉక్కును హీటు అంటారు. హీటుకు రెండు వేళ్ల మందం చొప్పున ప్లగ్గు అరిగిపోతుంది. నాలుగు వేళ్లు మిగిలేసరికి మార్చెయ్యాలి. అయితే ఎంత మిగిలిందో టేపు పెట్టి కొలిచే వీలు లేదు. ఖాళీ అయిన లేడిల్‌ను, ఉక్కు పోసేటప్పుడు దాన్ని నిలబెట్టే గుంత పక్కన పడుకోబెట్టి, వెనకనుంచి గ్యాస్ వదిలి, మూతిలోంచి తొంగి చూడాలి. ఎర్రగా కాలే అడుగుమీద గ్యాస్ తగిలిన చోట నల్లచుక్క పడుతుంది. దాని అంచు గీసినట్టుంటే ప్లగ్గుకు ఇంకా ఆయుష్షు ఉన్నట్టు. అంచు చెదిరి చుట్టూ పాకితే అయిపోయినట్టు. చూడటానికి నాలుగు క్షణాలే. అంతకు మించి నిలబడితే కనుబొమలు మిగలవు.

నాలుగేళ్ల కిందట ఆ గుంత దగ్గరే మేస్త్రీ తమ్ముడు పోయాడు. తానే తీసుకొచ్చి పనిలో పెట్టిన తమ్ముడు. ఆ రోజు ప్లగ్గు చూసి సరే అన్నది మేస్త్రీయే. ప్లగ్గు ఆగింది. దాని పక్క ఇటుక ఆగలేదు, ఉక్కు కిందికి దూకింది. విచారణ చేసినవాళ్లు ఆ మాటే రాశారు. తమ్ముడి భార్య ఇప్పటికీ మేస్త్రీ ఇంట్లోనే ఉంటుంది. వడ్డించేటప్పుడు "ఇంకొంచెం వెయ్యనా బావగారూ?" అని అడుగుతుంది. అంతకు మించి ఆమె అతన్ని ఏదీ అడగలేదు.

ఈ ఏడు వేడికి తాళలేక మేస్త్రీ రెండుసార్లు గుంత దగ్గరే కూలబడ్డాడు. గుండె ఇంక ఈ పనికి ఆగదని డాక్టరు చెప్పేశాడు. షిఫ్టు ఇంజనీరు మంచివాడే. అన్నీ రాసుకుంటాడని అందరూ అతన్ని నోటుబుక్కు అంటారు.

"చుక్క చదివేవాడు ఇంకొకడు తయారైతే చాలు మేస్త్రీగారూ, ఆ మర్నాడే మిమ్మల్ని స్టోర్సుకు పంపిస్తాను. ఫ్యాను కింద కుర్చీ వేసుకుని కూర్చోండి" అన్నాడు నోటుబుక్కు.

నేర్చుకుంటామని వచ్చిన ముగ్గురూ నెల తిరక్కుండా జారుకున్నారు. నాలుగోవాడుగా మేస్త్రీ అల్లుడే వచ్చి నిలబడ్డాడు. యార్డులో తూకం దగ్గర చల్లగా ఉన్న మనిషి, ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టేశాడు.

"నీకెందుకయ్యా ఈ గోల?" అన్నాడు మేస్త్రీ. ఇంట్లో అల్లుణ్ణి మీరు అంటాడు, కుర్చీ జరుపుతాడు. గుంత దగ్గర ఆ మర్యాదలకు టైముండదు.

"మీ అమ్మాయి రోజూ ఏడుస్తోంది మామయ్యా. మీరు బయటపడాలంటే ఎవరో ఒకరు లోపలికి రావాలి కదా."

"ఆ ఎవరో ఒకరు నువ్వే కానక్కర్లేదు."

"మరెవరు? దాచిపెట్టిన అల్లుడు ఇంకొకడు ఉన్నాడేంటి?"

క్రేన్ నడిపేవాణ్ణి అందరూ ఆకాశరామన్న అంటారు, ఎప్పుడూ పైనే ఉంటాడు గనక. అతను పైనుంచి అరిచాడు: "ఏం అల్లుడుగారూ! మామగారు మర్యాదలు బాగా చేస్తున్నారా?"

"వేడివేడిగా చేస్తున్నారు బాబాయ్!"

మేస్త్రీకి నవ్వు రాలేదు. సరిగ్గా నేర్పితే కూతురి మొగుడు తమ్ముడు నిలబడ్డ చోటే నిలబడతాడు. తప్పుగా నేర్పితే ఎవరి ప్రాణమో పోతుంది. అందుకని సరిగ్గానే నేర్పాడు. ఎంత బాగా నేర్పితే అంత బాగా నేర్చుకున్నాడు అల్లుడు. మూడు నెలలు తిరిగేసరికి అతని కంటికి ఏదీ తప్పడం లేదు.

ఒక పొద్దుటి షిఫ్టులో నోటుబుక్కు పరీక్ష పెట్టాడు. మూడు లేడిళ్లు. ముందు అల్లుడు చూసి చెప్పాలి, ఆ తర్వాత మేస్త్రీ. మూడింటికీ ఇద్దరి మాటా కలిస్తే గుంత దగ్గరి పని అల్లుడిది.

మొదటి దానికి కలిసింది. రెండోదానికీ కలిసింది.

మూడో లేడిల్ ముందు అల్లుడు మొహానికి వేడి కాచే అద్దం అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు. పక్కకు తప్పుకున్నాడు.

"ఇంకో రెండు హీట్లు ఆగుతుంది సార్."

మేస్త్రీ వెళ్లి చూశాడు. ఎర్రటి అడుగుమీద చుక్క బిళ్లలా ఉంది. అంచు ఎక్కడా చెదరలేదు. రెండు హీట్లు. సరిగ్గా రెండు. తానైనా అదే మాట చెప్పేవాడు. వెనక్కి వచ్చేలోపు, ఆ నాలుగు అడుగుల్లో, అల్లుణ్ణి ఇక్కణ్ణుంచి తప్పించడానికి తన ముందు ఒక్క సందు ఉన్నట్టు తోచింది.

"మార్చాలి. ఒక్క హీటు కూడా ఆగదు" అన్నాడు.

అల్లుడు అతని మొహంలోకి చూశాడు. ఇద్దరిలో ఎవరు మార్చాలన్నా మార్చాల్సిందే. గుంత దగ్గర వాదించకూడదన్నది అక్కడి నియమం. నోటుబుక్కు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

పాత ప్లగ్గును ఎవరైనా సమ్మెట పెట్టి ముక్కలు చేసి బయటికి తీస్తారు. అది త్వరగా అయ్యే పని. తరువాత ఆ ముక్కల్ని చూసి ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. మేస్త్రీ ధైర్యం అదే. చేతులు కడుక్కుని వచ్చేసరికి అల్లుడు లేడిల్ వెనక చేరి, చుట్టూ ఉన్న మట్టి ఓపిగ్గా గీకి, గొలుసు కట్టి ప్లగ్గును నెమ్మదిగా లాగుతున్నాడు. పన్ను ఊడినట్టు నిండుగా వచ్చింది.

"సమ్మెట లేదా?" అన్నాడు మేస్త్రీ.

"ఎక్కడ పొరబడ్డానో చూసుకోవాలి కదా మామయ్యా. ముక్కలైతే ఏం తెలుస్తుంది?"

ప్లగ్గు చల్లారేదాకా ముగ్గురూ నిలబడ్డారు. అల్లుడు దాని పక్కన చెయ్యి పెట్టి వేళ్లతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ఎనిమిది వేళ్లు. నోటుబుక్కు కూడా వంగి కొలిచి, చాలాసేపు పుస్తకం తెరవలేదు.

"మేస్త్రీగారూ" అన్నాడు చివరికి, మెల్లగా. "ఎన్నాళ్లనుంచి కనబడటం లేదు?"

కావాలనే అబద్ధం చెప్పానని మేస్త్రీ ఒప్పుకోవచ్చు. కానీ అబద్ధం చెప్పేవాణ్ణి గుంత దగ్గర ఉంచరు, చూపు లేనివాణ్ణీ ఉంచరు. ఎటు చెప్పినా రేపు పొద్దున ఇక్కడ నిలబడేది అల్లుడే. ఒప్పుకుంటే అదనంగా, అల్లుడి పనిని తెలిసి తెలిసి తప్పన్నాడన్న మాట మిగులుతుంది.

"కొన్నాళ్లుగా సార్" అన్నాడు.

"ముందే చెప్పాల్సింది. ఇన్ని లేడిళ్లు..." ఇంజనీరు ఆగాడు. "సరే. కళ్ల పరీక్ష చేయించుకుని కాగితం తెండి. స్టోర్సు ఉత్తర్వు ఇవ్వడానికి అది కావాలి. రేపటినుంచి ఇక్కడ మీ అల్లుడు చూసుకుంటాడు."



మర్నాడు పొద్దున అల్లుడు షిఫ్టుకు వెళ్లాక, కూతురే అతన్ని కళ్లజోళ్ల దుకాణానికి తీసుకెళ్లింది. దారిలో చెయ్యి పట్టుకుని నడిపించింది.

"మెట్టుంది నాన్నా, చూసుకో. ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేంటి? నీ మొండితనంతో చచ్చిపోతున్నాం. పోనీలే, ఇంక ఆ వేడిలోకి వెళ్లక్కర్లేదు. నాకు అది చాలు."

"మరి అతను?"

"ఆయన వయసులో ఉన్నాడు. పైగా నేర్పింది నువ్వు. నాకేం భయం?"

దుకాణం వెనక ఇరుకు గది. ఎత్తు కుర్చీ, ఎదురుగా గోడమీద అక్షరాల పలక. కూతురు కుర్చీ వెనక నిలబడి భుజంమీద చెయ్యి వేసింది. కళ్లజోళ్లాయన దీపం వేసి పుల్లతో ఒక్కొక్క వరసా చూపించాడు. అన్ని వరసలూ స్పష్టంగా ఉన్నాయి. పలక అంచున, అచ్చు వేసినవాళ్ల చిరునామా కూడా చదవగలుగుతున్నాడు మేస్త్రీ.

పైన రెండు వరసలు సరిగ్గా చదివాడు. మూడోది తడబడ్డాడు. నాలుగోది తెలియదన్నాడు. అబద్ధం ఎంతమేరకు ఆడాలో అతనికి తెలియదు, ఎప్పుడూ అలవాటు లేని పని. అందుకని ఎక్కువే ఆడాడు. కళ్లజోళ్లాయన గాజులు మార్చి "ఇప్పుడెలా ఉంది?" అన్నప్పుడల్లా, పలక నీళ్లలో మునిగినట్టు కదిలిపోతుంటే, బాగుందన్నాడు.

"ఎన్నాళ్లనుంచి ఉందండీ ఇది?"

"మూడు నెలలు" అన్నాడు మేస్త్రీ.

ఆయన నవ్వాడు. "ఇంత చూపు మూడు నెలల్లో తగ్గదు పెద్దాయనా. మెల్లమెల్లగా తగ్గుతుంది, మనమే గమనించుకోం. ఐదారేళ్లైనా అయ్యుంటుంది."

మేస్త్రీ భుజంమీది చెయ్యి కదల్లేదు.

"ఐదారేళ్లా?" అంది కూతురు. ఆమె కళ్లజోళ్లాయన్ని అడగడం లేదు. "నాన్నా, బాబాయి పోయి నాలుగేళ్లేగా?"

అతను పలకవైపే చూస్తున్నాడు. నాలుగో వరస, ఐదో వరస, ఆ కింద చిరునామా. ఇప్పుడు గడగడా చదివేస్తే, తమ్ముడు పోయిన రోజు చూపు ఆనకుండానే ప్లగ్గు సరే అన్నాడన్న అనుమానం కూతురి మనసులోంచి పోతుంది. కానీ తండ్రి నిన్న గుంత దగ్గర చెప్పింది అబద్ధమని తెలిసిపోతుంది. ఎందుకు చెప్పాడో ఆలోచిస్తే, తనకేం భయం అన్న పిల్ల ఇక రోజూ మొగుడి రాకకోసం గుమ్మంలో నిలబడుతుంది.

"మళ్లీ ఒకసారి చూద్దామా?" అన్నాడు కళ్లజోళ్లాయన. "ఏమైనా పొరపాటు పడ్డారేమో."

భుజంమీంచి చెయ్యి లేచింది.

"అక్కర్లేదండీ" అన్నాడు మేస్త్రీ. "అంతే కనిపిస్తోంది."