గంజిగుడ్డ చెయ్యి

నా పిచ్చి గిన్నెలతో మొదలైంది. పాత నూలు చీరను పేలికలుగా చించి, మైదా గంజిలో ముంచి, బోర్లించిన గిన్నెకు పొరలు పొరలుగా అంటించి ఎండబెడితే, లోపలి గిన్నె లాగేసినా దాని ఆకారం మిగిలిపోతుంది. చెంబుకైతే మెడ సన్నం, ఊడి రాదు. పక్కన కత్తిరించి తీసి మళ్లీ కుట్టాలి.

మా ఆయన రాఘవేంద్రకు పులివెందులలో ఉద్యోగం. ఆదివారాలు ప్రొద్దుటూరు వస్తాడు. అల్మారాలో వరుసగా కూర్చున్న గుడ్డగిన్నెలను చూసి, "గిన్నెలకు చొక్కాలు కుడ్తాండావా?" అన్నాడు. ఏడాదిలో నా కళ మీద వచ్చిన సమీక్ష అదొక్కటే.

మిగతా ఆరు రోజులూ నాతో మాట్లాడేది పక్కింటి మైమూన్ ఆపా. నలభై దాటాక నాకు సూది బెజ్జం కనబడటం మానేసింది. ఆమె నాకంటే పదేళ్లు పెద్ద, కానీ దర్జీ ఇంటి కళ్లు. ఉదయం పదింటికి సూదిని సబ్బుముక్కకు గుచ్చి, దారంతో పాటు మా మధ్య గోడ మీద పెడతాను. ఆమె దారం ఎక్కించి మళ్లీ సబ్బుకే గుచ్చుతుంది. సూదిని చేతిలోంచి చేతికి ఇస్తే జగడం వస్తుందని మా అమ్మ చెప్పింది, వాళ్లమ్మా చెప్పిందట. కనీసం ఆ ఒక్క విషయంలో రెండిళ్ల పెద్దలకూ మాట కలిసింది. పదకొండేళ్లలో మాకు జగడం రాలేదు. ఒకరి చెయ్యి ఒకరం ముట్టుకున్నదీ లేదు.

ఒక సోమవారం సూదితో పాటు కబురూ గోడ మీదికొచ్చింది.

"సొర్ణా, శుక్రవారం పోతాండాం మే. ఈడ అంగడి మూసేసి, జమ్మలమడుగులో మా మర్ది అంగట్లో కలుస్తాడంట మా ఇంటాయప్ప."

నేను సబ్బుముక్కను నా వైపుకు లాక్కున్నాను. తర్వాత నోటికొచ్చింది అడిగేశాను.

"ఆపా, నీ చెయ్యి అచ్చు తీసుకుంటా."

"రిజిస్ట్రాఫీసులో ఏలిముద్ర మాదిరా? ఏం ఆస్తి రాయించుకుంటాండావే?"

"ఏలు కాదు, మణికట్టు దాకా."

"అమ్మో! శానా ఆస్తే!"

శుక్రవారం లోపల ఆ చెయ్యి నాకు దక్కాలి. అంతకుమించి ఇంకేమీ అడగాలని తోచలేదు.

గంజిలో మైలుతుత్తం కలపాలి. పుస్తకాలు బైండు చేసేవాళ్లు కలిపేది అందుకే, లేకపోతే పురుగూ ఎలుకా వదలవు. గిన్నెలన్నింటికీ కలిపాను. కానీ అది విషం, ఆపా చేతి మీద మూడు గంటలుండాలి. కలపలేదు.

బుధవారం మా మిద్దె మీద, ఆమె నీడలోనూ చెయ్యి ఎండలోనూ ఉండేలా కూర్చోబెట్టాను. గంజిగుడ్డ చర్మానికి అంటుకోకుండా ముందు ఆముదం రాశాను. వేళ్ల సందుల్లో రాస్తుంటే తెలిసింది, ఆమె చూపుడువేలి కొన సూదిపోట్లకు గట్టిపడి జొన్నగింజలా ఉందని. పదకొండేళ్లు ఆ వేలు నా పని చేసింది, నాకు తెలియదు.

అరచెయ్యి చాచి, కదలకుండా పెట్టమన్నాను.

"ముక్కు దురద పెడ్తాంది మే."

"గీకనా?"

"గీకు. ఆడ కాదు, ఇంగా పైన. మీ ఆయప్పకు గూడా ఇట్లనే గీకుతావా?"

"ఆయప్ప ముక్కు పులివెందులలో ఉంటాది ఆపా. వారానికొక తూరి వస్తాది."

ఆమె నవ్వింది. చెయ్యి కదిలింది. కసిరాను. మజ్జిగ తాగించాను, చెమట తుడిచాను, ఈగలు తోలాను. పెనిమిటికి చేసినా ఇంత పుణ్యం వచ్చేది కాదు. మాటల్లో పడి ఆమె బొటనవేలు మెల్లగా చూపుడువేలి దగ్గరికి చేరింది, దారం కొన పట్టుకున్నట్టు. నేను చూసేసరికి గుడ్డ అట్టలా బిగిసిపోయింది. పక్కన కత్తిరించి తీసి, చీలికను కుట్టాను. ఆ సూదికీ దారం ఆమే ఎక్కించింది, సబ్బు మీది నుంచే.

శుక్రవారం లారీ వెళ్లిపోయింది. పక్కింటికి తాళం. చేతిని అల్మారాలో గిన్నెల మధ్య పెట్టాను. మరుసటి వారం అల్మారా తలుపు తీస్తే గిన్నెలు చెక్కుచెదరలేదు. చేతికి బొటనవేలు మాత్రం లేదు.

ఫోన్ చేశాను.

"ఆపా, నీ బొటనవేలు ఎలుక తినింది."

"ఎట్లుందంటా? ఇన్నేండ్లు నా చేతి రుచి ఈయప్ప మెచ్చల్యా. ఎలుకన్నా మెచ్చిండాది."

ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వు నాకంటే ముందు అయిపోయింది.

"ఇంగో చెయ్యి ఉండాది కదే, వచ్చి తీసుకో. గంట దారి."

"వస్తా ఆపా."

"ఎప్పుడు?"

"ఆదివారం ఆయన వస్తాడు. సోమవారమో, మంగళవారమో..."

"సరే మే, కుక్కరు కూస్తాంది, పెడ్తాండా."

నాకు కూత వినబడలేదు.

పదయింది. రవికె హుక్కు ఊడి రెండు రోజులైంది. గుడ్డ చేతిని తీసుకెళ్లి గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా మణికట్టులో రాయి దోపాను. సబ్బుముక్కను పక్కకు జరిపి, సూదిని తిన్నగా ఆ చూపుడువేలికి ఆనించాను. బొటనవేలు లేదు కదా, ఇవతలి నుంచి నాదే అదిమాను. సూది కదలకుండా నిలబడింది.

చేతిలోంచి చేతికే ఇచ్చాను. జగడమొస్తే రానీ అని గోడ అవతలికి చూశాను. తాళం, దండెం తీగ, మరిచిపోయిన రెండు క్లిప్పులు.

దారం బెజ్జం పక్క నుంచి పోయింది. కొనను నోట్లో తడిపి మళ్లీ పెట్టాను. మళ్లీ పక్క నుంచే పోయింది.

ఇంకోసారి తడిపాను.